కొరియాలో జపాన్ బౌద్ధ ప్రచారం, వలస పాలన: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ బౌద్ధ శాఖలు కొరియాకి, తైవాన్‌కి, చైనాకి ప్రచారకులను పంపిన సంగతి ఎత్తగానే అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కొందరు కుతూహలంతో అడుగుతారు, కొందరు కోపంతో, కొందరు "బుద్ధుణ్ణి కూడా వదలరా" అనే బాధతో. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు రాసి పెడుతున్నాను. ఎక్కువ భాగం కొరియా గురించే ఉంటుంది, ఈ ముడి అక్కడ బిగిసినంతగా ఇంకెక్కడా బిగియలేదు కాబట్టి.

బౌద్ధంలో అసలు మిషనరీలు ఉంటారా?

ఉంటారు, మొదటి నుంచీ ఉన్నారు. తన తొలి శిష్యులను పదిమంది మేలు కోసం ఊరూరా తిరగమని, ఇద్దరు కలిసి ఒకే దారిన పోవద్దని బుద్ధుడే చెప్పి పంపినట్టు వినయ పిటకంలో ఉంది. ఎవరో ఒకరు నడిచీ ఓడెక్కీ వెళ్లకపోతే ఆ మతం మన దగ్గర్నుంచి జపాన్ దాకా చేరేదే కాదు. రాజుల అండ కూడా పాత సంగతే, అశోకుడు ఉన్నాడు కదా. 19వ శతాబ్దంలో కొత్తగా వచ్చినవి వేరే: బలవంతపు ఒప్పందాలు, తెరిపించిన ఓడరేవులు, కాన్సులేట్లు, ఆ తర్వాత గవర్నర్ జనరల్. ప్రచారకుడు వీటన్నిటి మధ్య నిలబడి ధర్మం చెప్పాల్సి వచ్చింది.

జపాన్ మఠాలకు ఆ రోజుల్లో విదేశాలకు వెళ్లాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇంట్లో గతిలేక. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాది సగం అర్థమైనట్టే.

1868లో తొకుగావా షోగన్ల పాలన పోయి మీజీ ప్రభుత్వం వచ్చింది. కొత్త పాలకులు జపాన్ సొంత మతమైన షింతోను నెత్తిన పెట్టుకుని, దాన్నీ బౌద్ధాన్నీ విడదీయాలని ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వులో పగలగొట్టమని లేదు, కానీ చాలా జిల్లాల్లో జనం, స్థానిక అధికారులు దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు. ఆలయాలు మూసేశారు, విగ్రహాలు పగలగొట్టారు, గంటలు కరిగించారు, భిక్షువులను సంసారాల్లోకి తరిమారు. రెండు మూడు వందల ఏళ్లుగా ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒక ఆలయంలో పేరు నమోదు చేసుకోవాలన్న నియమం మీద హాయిగా బతికిన మఠాలకు ఒక్కసారిగా కాళ్ల కింద నేల కదిలింది.

అందులోనూ హిగాషి హొంగాంజి పరిస్థితి మరీ ఇబ్బందికరం. ఇది జోదో షిన్షు అనే జపాన్ బౌద్ధ శాఖలో తూర్పు మఠం. 1602లో తొకుగావా ఇయెయాసు క్యోతోలో స్థలం ఇస్తేనే ఇది విడిగా పుట్టింది. ఇప్పుడా వంశమే ఓడిపోయింది. "మీరు పాత పాలకుల మనుషులు కదా" అని వేలెత్తి చూపకముందే తమ విధేయత నిరూపించుకోవాలి. అందుకే 1870లో మఠాధిపతి కొడుకు, ఇంకా 20 ఏళ్లు కూడా నిండని కుర్రాడు, పరివారాన్ని వెంటేసుకుని ఉత్తరాన హొక్కైదోకి బయలుదేరాడు. ఐనూ జనం తరతరాలుగా బతుకుతున్న ఆ దీవిలో అప్పుడే జపాన్ వాళ్లను దింపి స్థిరపరుస్తున్నారు. మఠం తన ఖర్చుతో సప్పొరో వైపు సుమారు 100 కిలోమీటర్ల రోడ్డు వేయించింది, ఆ పనిలో ఐనూ కూలీలు కూడా చెమటోడ్చారు. దాన్ని ఇప్పటికీ హొంగాంజి రోడ్డు అనే అంటారు.

కొరియా తర్వాత వచ్చింది. పద్ధతి మాత్రం ఇక్కడే తయారైంది: ప్రభుత్వం ఎటు విస్తరిస్తే మఠం అటు వెళ్తుంది, పనికొస్తుంది, అలా బతికి బట్టకడుతుంది.

కొరియాకి ప్రభుత్వమే పంపిందా, వాళ్లంతట వాళ్లే వెళ్లారా?

రెండూ. 1876లో జపాన్ యుద్ధనౌకలు చూపించి కొరియా చేత గంగ్‌హ్వా ఒప్పందం చేయించుకుంది, బుసాన్ రేవు తెరుచుకుంది. మరుసటి ఏడాది హోం మంత్రి ఒకుబో తోషిమిచి, విదేశాంగ మంత్రి తెరషిమా మునెనోరి కలిసి హిగాషి హొంగాంజి మఠాన్ని అక్కడ ప్రచారం మొదలుపెట్టమని కోరారు. మఠం ఒకుమురా ఎన్షిన్ అనే భిక్షువును పంపింది. ఊరికే దొరికిన మనిషి కాదు. ఆయన పూర్వీకుడు ఒకాయన 16వ శతాబ్దంలోనే, హిదెయోషి 1592లో కొరియా మీద దండెత్తడానికి ముందే, బుసాన్‌లో ఆలయం పెట్టాడని ఆ కుటుంబం గొప్పగా చెప్పుకునేది. అంటే ఎన్షిన్ దృష్టిలో ఇది పరాయి దేశం వెళ్లడం కాదు, తాతల పని మళ్లీ ఎత్తుకోవడం.

ఆయన చెల్లెలు ఒకుమురా ఇఒకో కథ కూడా చూడండి. అన్నకు తోడుగా కొరియా వెళ్లి, 1898లో గ్వాంగ్‌జులో చేతిపనులు నేర్పే బడి పెట్టింది. తర్వాత 1901లో జపాన్‌లో దేశభక్త మహిళా సంఘం స్థాపించింది. సైనికులకు, యుద్ధంలో పోయినవాళ్ల కుటుంబాలకు చేయూతనిచ్చే సంఘం అది, చాలా పెద్దదైంది. ఒకే ఇంట్లో అన్న ధర్మ ప్రచారం, చెల్లెలు బడి, ఆ తర్వాత సైన్యానికి సేవ. ఎక్కడ ఆగి "ఇక్కడిదాకా మతం, ఇక్కణ్ణించి రాజకీయం" అని గీత గీస్తారు? నాకైతే చేతకాదు, వాళ్లకు అసలు ఆ అవసరమే తోచలేదు.

అక్కడ రోజువారీ ఏం చేసేవాళ్లు?

ఎక్కువగా రేవు పట్టణాల్లో ఉన్న జపాన్ వ్యాపారుల పెళ్లిళ్లు, చావులు, తద్దినాలు చూసుకునేవాళ్లు. కొరియా భాష నేర్చుకునేవాళ్లు, నేర్పించేవాళ్లు. పేదలకు సాయం. కొండల మీద నుంచి దిగివచ్చిన కొరియా భిక్షువులతో, సంస్కరణలు కోరుకునే యువ అధికారులతో కూర్చుని రాతలో సంభాషణ, అంటే మాట రాకపోయినా ఇద్దరికీ చైనా లిపి వచ్చు కాబట్టి కాగితం మీద రాసి చూపించుకోవడం. ఒకుమురా డైరీ రాసేవాడు, అందుకే ఇవన్నీ మనకు తెలుస్తున్నాయి.

అలా వచ్చినవాళ్లలో యి దొంగ్-ఇన్ అనే కొరియా భిక్షువు ఉన్నాడు. దేశం దాటితే తల పోయే కాలంలో, 1879లో ఒకుమురా సాయంతో దొంగతనంగా జపాన్ వెళ్లాడు. హొంగాంజిలో ఉన్నాడు, ఫుకుజావా యుకిచి లాంటి మేధావులను కలిశాడు, తిరిగొచ్చి రాజు గోజోంగ్ దాకా చేరాడు. 1881లో ఉన్నట్టుండి మాయమైపోయాడు, చంపేశారనే అందరి అనుమానం. ఆయన్ని ద్రోహి అనాలా, ఆధునికుడు అనాలా అని కొరియాలో ఇప్పటికీ వాదించుకుంటారు. ద్రోహి అనడం నాకు తొందరపాటనిపిస్తుంది, 1910లో జపాన్ కొరియాని కలిపేసుకుంటుందని 1879లో ఎవరికి కనపడుతుంది?

కొరియా భిక్షువులు వీళ్లను ఎందుకు రానిచ్చారు? తరిమేయొచ్చు కదా?

ఎందుకంటే సొంత రాజ్యం వాళ్లను మనుషులుగా చూడలేదు కాబట్టి.

జోసన్ రాజ్యం 500 ఏళ్ల పాటు కన్ఫ్యూషియస్ సిద్ధాంతం మీద నడిచింది. బౌద్ధ భిక్షువులను సమాజంలో అట్టడుగు వర్గాల్లో లెక్కేసేవాళ్లు. కొండకోటలకు కాపలా కాయాలి, ప్రభుత్వానికి కాగితం తయారుచేసి ఇవ్వాలి, దేనికీ కూలి లేదు. రాజధాని సియోల్ ద్వారాల్లోకి భిక్షువు అడుగుపెట్టకూడదు. ఈ నిషేధం చాలా తరాల పాటు నడిచింది. అవమానం ఏ పాటిదో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు, ఊళ్లోకి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో నిర్ణయించే వ్యవస్థలు మనం చూసినవే.

1895లో సానో జెన్రెయి అనే భిక్షువు (నిచిరెన్ అనే జపాన్ బౌద్ధ శాఖవాడు) సియోల్ వచ్చి, ఆ నిషేధం ఎత్తేయమని ప్రధాని కిమ్ హోంగ్-జిప్‌కి విజ్ఞప్తి పెట్టాడు. ఏప్రిల్‌లో ఎత్తేశారు. కొరియా భిక్షువుల సంతోషానికి హద్దుల్లేవు, సానోకి కృతజ్ఞతగా ఉత్తరాలు రాశారు. సొంత రాజు వందల ఏళ్లుగా మూసిన తలుపు ఒక పరాయి భిక్షువు వచ్చి అడిగితే తెరుచుకుంది.

ఇప్పుడు రెండో వైపు. అప్పటికి ఏడాది ముందే, జపాన్ సైన్యం సియోల్‌లో ఉండగా, అదే కిమ్ హోంగ్-జిప్ ప్రభుత్వం కులాల లాంటి హోదా తేడాలను రద్దు చేస్తూ సంస్కరణలు తెచ్చింది. కాబట్టి సానో అడగకపోయినా ఈ నిషేధం ఎలాగూ పోయేదని చాలామంది కొరియా చరిత్రకారుల వాదన, అది సబబుగానే ఉంది. పైగా సానో అడిగింది ఉత్తినే కాదు, కొరియా బౌద్ధం మొత్తాన్నీ తన శాఖ కిందికి తేవాలన్న ఆశ ఉంది.

అయినా సరే, ఆ రోజు సియోల్ ద్వారం దాటి లోపలికి నడిచిన భిక్షువును పట్టుకుని "నువ్వు సామ్రాజ్యవాదుల వల్లో పడ్డావు" అనడానికి నాకు నోరు రాదు. మేలు నిజమే. మేలు చేసినవాళ్ల ఉద్దేశం కూడా నిజమే. ఆ రెండూ ఒకే చేతి నుంచి వచ్చాయి, అసలు చిక్కు అక్కడే ఉంది.

మరి ఎక్కడ తేడా కొట్టింది?

మెల్లగా, అర్జీల ద్వారా, సంతకాల ద్వారా.

1905లో కొరియా జపాన్ రక్షణలోకి వెళ్లింది, అంటే విదేశాంగ వ్యవహారాలు పోయాయి. 1906లో కొరియాలో జపాన్ తరఫున పెత్తనం చేసే రెసిడెంట్ జనరల్ కార్యాలయం ఒక నిబంధన తెచ్చింది: ఏ జపాన్ శాఖైనా కొరియా ఆలయాల నిర్వహణ చేపట్టాలంటే అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు కొండల్లో తిరుగుబాటు దళాలు తిరుగుతున్నాయి, వాళ్ల కోసం జపాన్ సైన్యం వెతుకుతోంది, ఆశ్రయమిచ్చారన్న అనుమానం వస్తే ఆలయానికి నిప్పు. జపాన్ శాఖ బోర్డు గుమ్మానికి తగిలించుకుంటే సైనికులు ముట్టుకోరు. అలా చాలా ఆలయాలు తమంతట తామే అర్జీలు పెట్టుకున్నాయి. ప్రాణభయంతో పెట్టిన అర్జీని "స్వచ్ఛందం" అని దస్త్రాల్లో రాసుకున్నారు.

1908లో కొరియా భిక్షువులు కలిసి వోంజోంగ్ అనే కేంద్ర సంస్థ పెట్టుకున్నారు, నాయకుడు యి హ్వెగ్వాంగ్. సలహాదారుగా ఎవర్ని పెట్టుకున్నారో చూడండి: తకెదా హన్షి, జెన్ (ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధం)లో సోతో అనే జపాన్ శాఖ భిక్షువు. 1895లో కొరియా రాణి మిన్‌ని అంతఃపురంలోకి చొరబడి చంపిన ఘటనలో ఇతనికి పాత్ర ఉంది, హిరోషిమాలో అరెస్టై మిగతావాళ్లతో పాటు బయటపడ్డాడు. ఒక దేశపు రాణి హత్యలో ఉన్నవాడు ఆ దేశపు భిక్షువుల సంస్థకు సలహాదారు.

1910 ఆగస్టులో జపాన్ కొరియాని కలిపేసుకుంది. అక్టోబరులో యి హ్వెగ్వాంగ్ తోక్యో వెళ్లి సోతో శాఖతో ఏడు అంశాల ఒప్పందం మీద సంతకం చేసి వచ్చాడు. పేరుకు పొత్తు, చదివితే విలీనం.

తమాషా ఏంటంటే ఇంత చేసినా సోతో శాఖకు దక్కింది ఏమీ లేదు. 1911 జూన్‌లో గవర్నర్ జనరల్ ఆలయాల ఆర్డినెన్స్ తెచ్చి, ఆలయాలన్నిటినీ 30 ప్రధాన మఠాల కింద సర్ది నేరుగా తన చేతిలోకి తీసుకున్నాడు. మఠాధిపతి కావాలంటే అనుమతి. సెంటు భూమి, ఒక విగ్రహం అమ్మాలన్నా అనుమతి. ప్రచారకులు 30 ఏళ్లు చదును చేసిన దారి మీద చివరికి గుమాస్తాలు నడిచొచ్చారు.

ఎదిరించినవాళ్లు లేరా?

ఉన్నారు. తోక్యో ఒప్పందం సంగతి బయటపడగానే హన్ యోంగ్-ఉన్, పాక్ హన్-యోంగ్ లాంటివాళ్లు మండిపడ్డారు. "మాది ఇమ్జె పరంపర (జెన్‌లోనే వేరే పాయ), సోతో వాళ్లకూ మాకూ సంబంధం లేదు" అని 1911లో దక్షిణాన సోంగ్వాంగ్‌సా ఆలయం కేంద్రంగా పోటీ సంస్థ పెట్టారు. ఆర్డినెన్స్ దెబ్బకు రెండు సంస్థలూ పోయాయి.

హన్ యోంగ్-ఉన్ తర్వాత 1919 మార్చి 1 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 33 మందిలో ఒకడు. ఆ 33లో బౌద్ధులు ఇద్దరే, ఆయన, బెక్ యోంగ్-సోంగ్. మిగతావాళ్లు క్రైస్తవులు, కొరియాలోనే పుట్టిన చొందోగ్యో మతస్థులు. ఆ తక్కువ సంఖ్య చూసి బౌద్ధులను తప్పుపట్టేవాళ్లున్నారు, ఆలయాల పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తే ఆశ్చర్యమేమీ ఉండదు. హన్ జైలుకెళ్లాడు. ముసలితనంలో సియోల్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు, గవర్నర్ జనరల్ భవనం కంట పడకూడదని ఉత్తరముఖంగా కట్టించుకున్నాడని చెబుతారు. సియోల్‌లో ఎండకోసం దక్షిణముఖం కోరుకుంటారు, ఆయన చలి కోరుకున్నాడు.

జపాన్ లోపల కూడా కొందరున్నారు, తక్కువమంది. సోతో భిక్షువు ఉచియామా గుదోను రాజద్రోహం కేసులో 1911 జనవరిలో ఉరితీశారు. ఉరి కన్నా ముందే ఆయన శాఖ ఆయన్ని భిక్షువుల జాబితాలోంచి కొట్టేసింది. అదే కేసులో హిగాషి హొంగాంజికి చెందిన తకగి కెన్మ్యోకి మరణశిక్ష యావజ్జీవంగా మారింది, 1914లో జైల్లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1937లో తకెనకా షోగెన్ అనే పల్లెటూరి భిక్షువు "యుద్ధం పాపం, నేరం" అన్నందుకు శిక్ష అనుభవించాడు.

భిక్షువుల పెళ్లిళ్ల గొడవ ఏంటి?

జపాన్‌లో 1872లో ప్రభుత్వం భిక్షువులు పెళ్లి చేసుకోవచ్చు, మాంసం తినొచ్చు, జుట్టు పెంచుకోవచ్చు అని ప్రకటించింది. జోదో షిన్షులో అయితే పెళ్లి మొదటి నుంచీ ఉంది. ఈ అలవాటు కొరియాకీ పాకింది. 1926లో మఠాధిపతి బ్రహ్మచారిగా ఉండాలన్న షరతును ఎత్తేశారు. బెక్ యోంగ్-సోంగ్ వద్దంటూ అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది.

అంతా జపాన్ వాళ్లు రుద్దిందే అనుకుంటే సులువుగా ఉండేది. కానీ 1910లో భిక్షువుల పెళ్లికి అనుమతివ్వమని స్వయంగా అర్జీ పెట్టింది హన్ యోంగ్-ఉన్! మొదట కొరియా ప్రభుత్వ సభకి, తర్వాత జపాన్ అధికారులకి. బౌద్ధం ఆధునిక కాలంలో నిలవాలంటే మారాలి అన్నది ఆయన వాదన. వలస పాలనను ప్రాణం పోయినా ఒప్పుకోని మనిషికి కూడా, ఆధునికత అంటే ఏమిటో ఊహించుకోవడానికి కళ్లెదుట ఉన్న నమూనా జపానే.

ఇదంతా బౌద్ధ సిద్ధాంతంతో ఎలా సమర్థించుకున్నారు?

ఇక్కడ మనకు దగ్గరి చుట్టరికం ఒకటి తగులుతుంది. జోదో షిన్షు వాళ్లు తమ ఏడుగురు గురువుల్లో మొదటివాడిగా కొలిచేది ఆచార్య నాగార్జునుణ్ణి, మన నాగార్జునకొండకు ఏ పేరు తగిలించుకున్నామో ఆ నాగార్జునుణ్ణే. ఆయన చెప్పిన రెండు సత్యాల సంగతి చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: వ్యవహారంలో కనిపించే సత్యం, పరమార్థ సత్యం.

షిన్షు పండితులు ఆ రెండు సత్యాల మాటను తీసుకుని వేరే పనికి వాడారు. ఒకటి బుద్ధుడి ధర్మం, ఇంకోటి రాజు చట్టం. లోపల బుద్ధుణ్ణి నమ్ము, బయట రాజు మాట విను. 15వ శతాబ్దంలో రెన్యో అనే మఠాధిపతి కూడా దాదాపు ఇలాగే చెప్పాడు, కానీ అప్పుడది అధికారుల కోపం నుంచి తన భక్తులను కాపాడుకునే ఉపాయం. మీజీ కాలానికి వచ్చేసరికి అది విధేయతకు సూత్రమైపోయింది. చక్రవర్తి యుద్ధం చేయమంటే చేయడం కూడా భక్తుడి బాధ్యతే. నాగార్జునుడు చదివితే తల పట్టుకునేవాడు.

జెన్ వాళ్లేమీ తక్కువ తినలేదు. 1893లో చికాగో సర్వమత సభకు వెళ్లిన షకు సోయెన్, అంటే వివేకానందుడు మాట్లాడిన ఆ సభకే, 1904 రష్యా యుద్ధంలో సైన్యంతో పాటు మంచూరియా వెళ్లాడు. కలిసి యుద్ధాన్ని ఖండిద్దాం రమ్మని టాల్‌స్టాయ్ ఉత్తరం రాస్తే ఒప్పుకోలేదు.

చైనాలో కూడా ఇదే కథా?

పోలికలున్నాయి, కానీ చైనాని మొత్తంగా మింగడం జపాన్ వల్ల కాలేదు కాబట్టి కథ వేరేగా సాగింది. షాంఘైలో హిగాషి హొంగాంజి శాఖ 1876లోనే తెరిచింది. 20వ శతాబ్దం మొదట్లో చైనా అధికారులు ఆలయాల ఆస్తులు తీసుకుని బడులు పెడదామనుకున్నప్పుడు, హాంగ్‌జౌ ప్రాంతంలోని ఆలయాలు కొన్ని హొంగాంజిలో చేరిపోయాయి. ఆస్తి కాపాడుకోవడానికి పరాయి బోర్డు, ఇక్కడా అదే.

అన్నిటికన్నా చెప్పుకోదగ్గది షియామెన్ రేవులో 1900 ఆగస్టు 24న జరిగింది. ఊళ్లో హొంగాంజి ప్రచార కేంద్రం తగలబడింది. చిన్న అద్దె ఇల్లు. దాన్ని సాకుగా చూపించి జపాన్ నావికా దళాన్ని దింపింది. తైవాన్‌ని ఏలుతున్న జపాన్ అధికారులు అప్పటికే ఎదురుగా ఉన్న ఆ తీరం మీద కన్నేశారు. బ్రిటన్, మిగతా దేశాలు అభ్యంతరం చెప్పడంతో వెనక్కి తగ్గారు. నిప్పు పెట్టించింది జపాన్ వాళ్లేనని అప్పుడే గట్టిగా అనుమానించారు. ప్రచార కేంద్రం నిలబడి ఉన్నప్పటికన్నా కాలిపోయినప్పుడే రాజ్యానికి ఎక్కువ పనికొచ్చిందన్నమాట.

1915లో చైనా ముందు పెట్టిన 21 డిమాండ్లలో కూడా జపాన్ వాళ్లకు మత ప్రచార హక్కు కావాలని ఉంది. ఆయుధాల కొనుగోలు, పోలీసు అధికారం అడిగిన జాబితాలోనే, ఐదో భాగంలో. ఆ భాగాన్ని చివరికి పక్కన పెట్టారు.

భిక్షువులు గూఢచారులు కూడానా?

కొందరి మీద ఆ అనుమానం గట్టిగానే ఉండేది. నిషి హొంగాంజి, అంటే పడమటి మఠం అధిపతి ఒతాని కోజుయి 1902 నుంచి 1914 దాకా మధ్య ఆసియాకు మూడు అన్వేషక బృందాలను పంపాడు. ఆయన మామూలు మనిషి కాదు, భార్య చెల్లెలు తర్వాత జపాన్ మహారాణి అయింది. ఆయన పంపిన కుర్ర భిక్షువులు తచిబనా, నొమురా ఎక్కడికి వెళ్తే అక్కడ బ్రిటిష్ ఇండియా వేగులు వెంటపడ్డారు, వీళ్లు సైనికాధికారులని వాళ్ల నమ్మకం. గట్టి రుజువు మాత్రం బయటపడలేదు.

మఠాన్ని అప్పుల్లో ముంచి 1914లో ఒతాని పదవి దిగిపోయాడు. తెచ్చిన కుడ్యచిత్రాలు, ప్రతులు చెల్లాచెదురయ్యాయి. ఆయన విల్లాతో పాటు కొంత భాగాన్ని కొన్న వ్యాపారి దాన్ని 1916లో కొరియా గవర్నర్ జనరల్‌కి కానుకగా ఇచ్చాడు. అందుకే మధ్య ఆసియా వైపు చైనా పడమటి చివరనున్న షిన్‌జియాంగ్ గుహల బొమ్మలు ఈ రోజు సియోల్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

యూరప్ మిషనరీలతో పోలిస్తే?

మన దగ్గరి ఉదాహరణే తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే చాలాకాలం చిరాకు, జనం రెచ్చిపోతే వ్యాపారం దెబ్బతింటుందని. లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగులో బైబిల్ అనువాదం మొదలుపెట్టిన రోజుల్లో వాళ్లకు కంపెనీ ఇచ్చింది ఓర్పే తప్ప ఆదరణ కాదు, 1813 చార్టర్ చట్టంతో గానీ తలుపు సరిగ్గా తెరుచుకోలేదు. జపాన్‌లో మంత్రులే మఠాన్ని పిలిచి వెళ్లమన్నారు. ఇంకో తేడా, కొరియన్లు అప్పటికే 1,500 ఏళ్లుగా బౌద్ధులు. కాబట్టి జపాన్ ప్రచారకులు "మీ మతం తప్పు" అనలేదు, "మీ మతం పాడైంది, మేం బాగుచేస్తాం" అన్నారు. నా లెక్కలో ఇది ఎక్కువ ప్రమాదం. కాదనడానికి మాట దొరకదు.

బయటికెళ్లిన జపాన్ భిక్షువులంతా ఇంతేనా?

కాదు. హవాయికి 1889లో వెళ్లిన కగహి సోర్యూ చెరకు తోటల్లో చాకిరీ చేసే సొంత దేశపు కూలీల కోసం వెళ్లాడు. అక్కడ అధికారం తెల్లవాళ్లది. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక అమెరికా మొదట అరెస్టు చేసినవాళ్లలో బౌద్ధ భిక్షువులున్నారు. ఒకే శాఖ, ఒకే సూత్రాలు, సియోల్‌లో అధికారం పక్కన, హొనలులులో జైల్లో.

ఈ చరిత్రకు గుర్తుగా మిగిలిన కట్టడాలున్నాయా?

హకుబున్‌జి గురించి చెప్పాలి. కొరియాకి తొలి జపాన్ రెసిడెంట్ జనరల్ ఇతో హిరోబుమిని 1909లో చైనాలోని హర్బిన్ స్టేషన్లో కొరియా స్వాతంత్ర్య పోరాటకారుడు ఆన్ జుంగ్-గన్ కాల్చి చంపాడు. ఇతో స్మారకంగా 1932లో సియోల్‌లో సోతో ఆలయం కట్టి ఆయన పేరే పెట్టారు. కట్టిన చోటు జంగ్‌చుంగ్‌దాన్: రాణి మిన్ హత్య సమయంలో పోరాడి చనిపోయిన కొరియా సైనికుల కోసం రాజు గోజోంగ్ 1900లో ఏర్పాటు చేసిన స్మారక స్థలం. ఆలయ ముఖద్వారం కోసం గ్యోంగ్‌హి రాజభవనం ద్వారాన్ని ఊడదీసి తెచ్చారు. 1939లో ఆన్ కొడుకును తీసుకొచ్చి ఇతో ముందు తల వంచేలా చేసి, ఇతో కొడుకుతో కలిపి పత్రికల్లో వేయించారు.

ఇప్పుడు అక్కడ షిల్లా హోటల్ ఉంది. ఆ రాజభవన ద్వారం కొన్నాళ్లు హోటల్ గేటుగా కూడా పనిచేసి, 1988లో గానీ పాత భవనం దగ్గరికి తిరిగి వెళ్లలేదు.

చూడాలనుకునేవాళ్లు గున్సాన్ వెళ్లండి. కొరియా బియ్యాన్ని జపాన్‌కి ఎగుమతి చేసిన రేవు అది. అక్కడ 1909లో సోతో భిక్షువు ఒకరు మొదలుపెట్టిన ఆలయం, 1913లో కట్టిన ప్రధాన మందిరంతో సహా నిలిచే ఉంది. పేరు ఇప్పుడు దొంగ్గుక్‌సా. నిటారుగా దిగే కప్పు, రంగులు లేని గోడలు, రంగురంగుల కొరియా ఆలయాల మధ్య ఇట్టే తెలిసిపోతుంది.

జపాన్ శాఖలు క్షమాపణ చెప్పాయా?

చెప్పాయి, ఆలస్యంగా. ఒతాని శాఖ, అంటే హిగాషి హొంగాంజి, 1987లో యుద్ధంలో తన పాత్రను ఒప్పుకుంది. సోతో శాఖ 1980లో తన విదేశీ ప్రచార చరిత్ర అచ్చేసింది. అందులో ఆసియా ప్రజలను చిన్నచూపు చూసే రాతలు, గొప్పలు ఉన్నాయని విమర్శలు రావడంతో వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత 1992 నవంబరులో పశ్చాత్తాప ప్రకటన ఇచ్చింది. దాటవేత లేని భాష అది: ప్రచారం అనే మంచి పేరు వాడుకుని, అధికారంతో చేతులు కలిపి, ఆసియా జనం హక్కులను కాలరాశాం అని ఉంది. 1993లో ఉచియామా గుదో పేరును, 1996లో తకగి పేరును, 2007లో తకెనకా పేరును వాళ్ల వాళ్ల శాఖలు గౌరవంగా పునరుద్ధరించాయి. 2012లో దొంగ్గుక్‌సా ఆవరణలో ఆ ప్రకటనను రాతి మీద చెక్కించి నిలబెట్టారు, 2015లో దాని దగ్గరే జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన స్త్రీల జ్ఞాపకంగా ఒక బాలిక విగ్రహం పెట్టారు.

చాలదు అనేవాళ్లతో నేను వాదించను. కానీ ఇంత తెగేసి ఒప్పుకున్న మత సంస్థలు ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి.

1945తో అయిపోయినట్టేనా?

జపాన్ వాళ్లు వెళ్లిపోయారు, పెళ్లైన భిక్షువులు మిగిలారు. వేలల్లో వాళ్లు, బ్రహ్మచారులు కొన్ని వందలు. 1954లో అధ్యక్షుడు సింగ్మన్ రీ (ఆయన క్రైస్తవుడు) పెళ్లైనవాళ్లు జపాన్ అవశేషాలు, ఆలయాలు వదిలి పోవాలన్నాడు. ఏళ్ల తరబడి కొట్లాటలు, కోర్టు కేసులు. 1962లో ఇప్పటి జోగ్యె సంస్థ ఏర్పడింది, పెళ్లైనవాళ్లు 1970లో తెగో అనే వేరే సంస్థగా విడిపోయారు.

ఇక 1911 ఆర్డినెన్స్ సంగతి. అదే 1962లో పాక్ చుంగ్-హీ సైనిక ప్రభుత్వం బౌద్ధ ఆస్తుల నిర్వహణ చట్టం తెచ్చింది. ఆలయాలు నమోదు చేసుకోవాలి, ఆస్తి అమ్మాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పాత ఆర్డినెన్సే కొత్త సంతకంతో వచ్చిందని భిక్షువులు మొత్తుకున్నారు. అది రద్దయింది 1987లో.